పౌర హక్కుల కేసుల్లో ఇంటర్న్‌షిప్ చేయడం ఎలా? హైదరాబాద్ డిగ్రీ విద్యార్థులకు ఒక మార్గదర్శిని

డిగ్రీ చదువుతూనే పౌర హక్కుల కేసులు చూసే న్యాయవాది దగ్గరో, సంస్థలోనో కొన్ని వారాలు పనిచేయాలని అనుకునే విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఐదేళ్ల లా కోర్సులో ఉన్నవారికి ఇది ఎంత వర్తిస్తుందో, నిజాం కాలేజీలోనో, కోఠి మహిళా విశ్వవిద్యాలయంలోనో, మరే డిగ్రీ కాలేజీలోనో రాజనీతి శాస్త్రం, సోషల్ వర్క్, జర్నలిజం, చివరికి కామర్స్ చదువుతున్నవారికీ అంతే వర్తిస్తుంది. ఈ రంగంలో చట్టం తెలిసినవారి కొరత కన్నా, బాధితులు చెప్పింది ఓపికగా విని, తేదీల వరుసలో పెట్టి, ప్రతి మాటకూ ఆధారమైన కాగితాన్ని జతచేసి న్యాయవాది చేతికి అందించేవారి కొరతే ఎక్కువ. ఆ పని డిగ్రీ విద్యార్థి నేర్చుకోగలడు, చేయగలడు. దాన్ని ఎక్కడ, ఏ క్రమంలో, ఎలాంటి జాగ్రత్తలతో చేయాలో వివరించడమే ఇక్కడి ఉద్దేశం.

మీ పరిధి ఎంతవరకో ముందుగా తెలుసుకోండి

కోర్టులో ఇతరుల తరఫున హాజరై వాదించే హక్కు 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం బార్ కౌన్సిల్‌లో నమోదైన న్యాయవాదులకే ఉంది. కాబట్టి మీరు కక్షిదారుకు సొంతంగా న్యాయ సలహా ఇవ్వకూడదు, కేసు గెలుస్తుందనో ఓడుతుందనో చెప్పకూడదు, ఎవరి దగ్గరా ఏ పేరుతోనూ డబ్బు తీసుకోకూడదు. ఎంతో ఆవేదనతో ఉన్న మనిషి మీ చేయి పట్టుకుని ‘మాకు న్యాయం జరుగుతుందా బిడ్డా’ అని అడిగినప్పుడు ధైర్యం చెప్పాలన్న తొందరలో హామీ ఇచ్చేయడం చాలా సులభం. అప్పుడు ‘మీరు చెప్పినదంతా రాసుకున్నానమ్మా, వకీలు గారికి చూపించి, ఆయన ఏమన్నారో మీకు ఫలానా రోజు ఫోన్ చేసి చెబుతాను’ అనడం సరైన జవాబు. చెప్పిన రోజున తప్పకుండా ఫోన్ చేయాలి.

ఈ హద్దులు దాటకుండానే మీరు చేయగల పని చాలా ఉంది. ఫైలు చదివి సారాంశం రాయడం, తేదీల పట్టిక తయారుచేయడం, తెలుగు, ఉర్దూ కాగితాలను ఇంగ్లీషులోకి అనువదించడం, సమాచార హక్కు దరఖాస్తుల ముసాయిదా రాయడం, పాత తీర్పులు వెతికిపెట్టడం, వాయిదా తేదీలు చూసి కక్షిదారులకు తెలియజేయడం, సర్టిఫైడ్ కాపీల కోసం దరఖాస్తు పెట్టించడం వంటివన్నీ మీ చేతిలోనివే.

ఏ రకం కేసుల్లో పనిచేయాలో నిర్ణయించుకోండి

పౌర హక్కులు అన్న మాట కింద ఎన్నో రకాల కేసులు వస్తాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989, వాడుకలో అట్రాసిటీ చట్టం), అంటరానితనానికి సంబంధించిన పౌర హక్కుల రక్షణ చట్టం (1955), పోలీసుల అక్రమ నిర్బంధం, కస్టడీ హింస, విచారణ ఖైదీల బెయిళ్లు, పారిశుధ్య కార్మికుల మరణాలు, బస్తీల తొలగింపు, వికలాంగుల హక్కులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులు, ఇలా ఈ జాబితా పెరుగుతూనే ఉంటుంది. అన్నింటిలోనూ కొంచెం కొంచెం చూడాలనుకునే విద్యార్థికి ఏదీ అబ్బదు. ఒక ఇంటర్న్‌షిప్‌కు ఒక రంగాన్ని ఎంచుకుని, దరఖాస్తులోనే ఆ మాట చెప్పడం మంచిది.

ఈ పని ఎందాకా పోగలదో తెలియడానికి మన హైకోర్టు తీర్పు ఒకటి చదవమని నేను అందరికీ చెబుతుంటాను. నిజాం కాలంలో, అప్పటి ఫస్లీ క్యాలెండరు ప్రకారం 1329లో వచ్చిన ఒక చట్టం హిజ్రాలను నేరస్తుల జాబితాలా రిజిస్టరులో నమోదు చేయమనేది, స్త్రీల దుస్తులు వేసుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చనేది. నిజాం పాలన పోయినా పుస్తకాల్లో మిగిలిపోయిన ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. సమానత్వం గురించిన 14వ అధికరణం, జీవించే హక్కు గురించిన 21వ అధికరణం ఒక పిటిషన్‌లో ఎలా పనిచేస్తాయో విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

మొదటి దారి న్యాయ సేవాధికార సంస్థలు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద రాష్ట్ర స్థాయిలోనూ, ప్రతి జిల్లాలోనూ ఇవి పనిచేస్తాయి. హైదరాబాద్ నగరానికి సంబంధించిన కార్యాలయం కోసం పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో విచారించండి. రంగారెడ్డి జిల్లా వారు ఎల్బీనగర్ కోర్టుల్లో అడగాలి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో ప్రారంభించిన పారా లీగల్ వాలంటీర్ల (న్యాయవాదులు కాకపోయినా న్యాయ సహాయం పనిలో తోడ్పడేవారి) పథకంలో విద్యార్థులకు స్పష్టంగా చోటు ఉంది, న్యాయవాదిగా నమోదయ్యేంతవరకు లా విద్యార్థులు కూడా ఇందులో ఉండవచ్చు. ఎంపికైనవారికి శిక్షణ ఇచ్చి, లీగల్ ఎయిడ్ క్లినిక్‌లకు, పోలీసు స్టేషన్లకు, జైళ్లకు పంపిస్తారు. ఎంపిక ఎప్పుడు జరుగుతుందో ముందుగా కనుక్కుని, నోటిఫికేషన్ వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు తమ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులని ఆ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షన్‌నూ, 15100 అన్న ఉచిత ఫోన్ నంబరునూ కంఠతా పట్టండి. మీరు వెళ్లిన ప్రతిచోటా అవసరమయ్యేవి ఈ రెండే.

రెండో దారి న్యాయవాదుల ఛాంబర్లు. నా అభిప్రాయంలో ఎక్కువ నేర్పేది ఇదే, ఎందుకంటే ఇక్కడ ఒక కేసును ఫిర్యాదు దశ నుంచి తీర్పు దాకా కాగితం మీద చూడగలుగుతారు. హైదరాబాద్‌లో హక్కుల కేసులు చూసే న్యాయవాదులకు పెద్ద బోర్డులు, వెబ్‌సైట్లు ఉండకపోవచ్చు. హైకోర్టు తీర్పుల్లో పిటిషనర్ తరఫు న్యాయవాది పేరు ముద్రితమై ఉంటుంది కాబట్టి, మీకు ఆసక్తి ఉన్న అంశం మీద వచ్చిన ఐదారు తీర్పులు తీసి ఆ పేర్లు రాసుకోండి. ఎవరికి రాయాలో తెలుసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

మూడోది హక్కుల సంఘాలు, కమిషన్లు. పౌర హక్కుల న్యాయవాదులు కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు పనిచేసిన నేల కాబట్టి, ఘటన జరిగిన ఊరికి వెళ్లి అన్ని పక్షాలతో మాట్లాడి నివేదిక రాసే నిజనిర్ధారణ సంప్రదాయం ఇక్కడ బలంగా ఉంది. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయం నాంపల్లిలోని గృహకల్ప సముదాయంలో ఉంది. ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసవి, శీతాకాల ఇంటర్న్‌షిప్‌లతో పాటు ఆన్‌లైన్‌లో స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్‌లు కూడా నిర్వహిస్తుంది. అర్హతలు ప్రకటనలో చూసుకోండి.

సమయం విషయంలో ఒక మాట. పరీక్షలు అయిపోగానే మే నెలలో చేద్దామని చాలామంది అనుకుంటారు. అదే మే నెలలో హైకోర్టుకూ, సివిల్ కోర్టులకూ వేసవి సెలవులు ఉంటాయి, సెలవుల బెంచ్ ముందుకు అత్యవసర కేసులే వస్తాయి. కోర్టు పని చూడాలనుకునేవారు జూన్‌లోనో, సెమిస్టరు మధ్యలో వారానికి రెండు రోజుల చొప్పునో రావడం మేలు. ఫైళ్లు చదవడం, అనువాదాలు, నివేదికలు నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం మే నెలే బాగుంటుంది, అప్పుడు సీనియర్‌కు మీతో కూర్చునే తీరిక ఉంటుంది. లా విద్యార్థులు మరో నిబంధన గుర్తుంచుకోవాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సులో మొత్తం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేసి ఉండాలి, ఏ సంవత్సరంలోనూ ఏకధాటిగా 4 వారాలు మించకూడదు.

దరఖాస్తు ఉత్తరం

ఒక పేజీ మించకుండా రాయండి. ‘సమాజానికి సేవ చేయాలన్న తపన’ వంటి వాక్యాలు ప్రతి ఉత్తరంలోనూ ఉంటాయి, చదివేవారు వాటిని దాటుకుని వెళ్లిపోతారు. వాళ్లు చూసేది నాలుగు విషయాలు: మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకు ఎన్ని గంటలు రాగలరు, ఏయే భాషలు చదవగలరు, రాయగలరు, తెలుగు, ఇంగ్లీషు టైపింగ్ వచ్చా, వారి కేసుల్లో ఏదైనా చదివారా. ఈ నగరంలో భాష చాలా పెద్ద అర్హత. పాతబస్తీ నుంచి వచ్చిన తల్లి దక్కనీలో చెప్పినదాన్నో, దేవరకొండ తండా నుంచి వచ్చిన కూలీ లంబాడీలో చెప్పినదాన్నో సూటిగా అర్థం చేసుకోగల విద్యార్థిని ఏ న్యాయవాదీ వదులుకోరు. ఉర్దూ లిపి చదవగలిగితే ఆ మాట ఉత్తరం మొదట్లోనే రాయండి.

ఉత్తరానికి మీరు రాసిన రెండు పేజీల కేసు సారాంశం ఒకటి జతచేయండి. ఆ న్యాయవాదే వాదించిన ఒక తీర్పును తీసుకుని, వాస్తవాలు ఏమిటి, కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి, కోర్టు ఏమంది అన్నది సరళంగా రాస్తే చాలు. వారంలో జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. ఆ తర్వాత సాయంత్రం వేళ ఛాంబర్‌కు వెళ్లి గుమాస్తా గారిని కలవండి. ఛాంబర్‌లో ఎవరికి తీరిక ఉందో, ఎప్పుడు మాట్లాడితే పని జరుగుతుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, తర్వాత మీకు ఫైలింగ్, కాపీల పని నేర్పేదీ ఆయనే. పారితోషికం సంగతి మొదట్లోనే అడిగి తెలుసుకోవడంలో తప్పేమీ లేదు. చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, కానీ కోర్టులకు తిరిగే చార్జీలైనా ఇస్తారేమో ముందే మాట్లాడుకుంటే రెండు పక్కలా ఇబ్బంది ఉండదు.

వెళ్లే ముందు ఏం చదవాలి

లావు పుస్తకాల జోలికి పోకండి. రాజ్యాంగంలో 14, 15, 17, 19, 21, 22, 32, 226, 39ఎ అధికరణాలను మూలంలోనే చదవండి. తర్వాత మీరు ఎంచుకున్న రంగం చట్టాన్ని, దాని నిబంధనలతో కలిపి చదవండి. నిబంధనల్లోనే పనికొచ్చే సంగతులు ఎక్కువగా ఉంటాయి. ఉదాహరణకు, అట్రాసిటీ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలని ఆ చట్టం కింద వచ్చిన 1995 నిబంధనల్లో 7వది చెబుతుంది. నగరంలో ఆ స్థాయి అధికారి ఏసీపీ. దర్యాప్తు చేసింది ఇన్‌స్పెక్టరేనని ఫైలులో కనబడితే, ఆ ఒక్క సంగతి మీద కేసు గతి మారవచ్చు.

2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి, మీ బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో సగం పాత సెక్షన్లతో, సగం కొత్త సెక్షన్లతో ఉంటాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. ఎఫ్‌ఐఆర్ నమోదు గురించి సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి)లో ఉన్న పాత సెక్షన్ 154, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే, కోర్టుల్లో అందరి నోటా నలిగిన ‘41ఎ నోటీసు’ ఇప్పుడు 35(3) నోటీసు. అరెస్టు అయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం 57 నుంచి 58కి మారింది. ఇలాంటి పాతకొత్త సెక్షన్ల పట్టికను మీ చేత్తో మీరే రాసుకుని ఫైలు అట్ట లోపల అంటించుకోండి. తీర్పుల్లో రెండు మూడు చాలు: అరెస్టు సమయంలో పాటించాల్సిన నియమాల గురించి డి.కె. బసు కేసు (1996), ఎఫ్‌ఐఆర్ తప్పనిసరిగా నమోదు చేయాలన్న లలితా కుమారి కేసు (2013), అనవసర అరెస్టుల గురించి అర్నేశ్ కుమార్ కేసు (2014).

ఫైలు చదవడం, తేదీల పట్టిక తయారుచేయడం

మొదటి వారం మీకు ఒక పాత ఫైలు కట్ట ఇచ్చి చదవమంటారు. అది విసుగు పుట్టించే పనిలా కనిపించినా, ఇంటర్న్‌షిప్ మొత్తానికి గుండెకాయ ఇదే. కట్ట విప్పగానే ఏ కాగితం ఏ వరుసలో ఉందో పెన్సిలుతో పేజీ నంబర్లు వేసుకోండి, వరుస చెదరనివ్వకండి. తర్వాత ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో తేదీ, సమయం, రెండో గడిలో జరిగింది ఒకటి రెండు వాక్యాల్లో, మూడో గడిలో ఆ సంగతి ఏ కాగితంలో, ఎన్నో పేజీలో ఉందో రాయండి. మూడో గడి ఖాళీగా ఉన్న ప్రతి వరుసా న్యాయవాదికి ఒక హెచ్చరిక, అంటే ఆ సంగతిని బాధితులు చెబుతున్నారు గానీ ఇంకా కాగితం లేదని అర్థం.

ఎఫ్‌ఐఆర్‌ను ప్రత్యేకంగా చదవాలి. అందులో ఘటన జరిగిన సమయం వేరు, పోలీసు స్టేషన్‌కు సమాచారం అందిన సమయం వేరు, కోర్టుకు పంపిన సమయం వేరు. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది, అక్కడ ‘ఆలస్యం లేదు’ అని రాసి, పైన మాత్రం ఘటనకూ ఫిర్యాదుకూ మధ్య నాలుగు రోజుల తేడా ఉన్న సందర్భాలు కనిపిస్తాయి. ఆ నాలుగు రోజులూ బాధితుడు ఆస్పత్రిలో ఉన్నాడా, స్టేషన్ చుట్టూ తిరిగాడా, ఊరి పెద్దలు రాజీ కోసం ఆపారా అన్నది మీరు అడిగి, దానికి ఆధారం తేవాలి. ఆస్పత్రి ఓపీ చీటీ, బస్ టికెట్, ఫోన్‌లోని కాల్ రికార్డు కూడా ఆధారాలే. నిందితుడి తరఫు న్యాయవాది రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగబోయే మొదటి ప్రశ్న ఈ నాలుగు రోజుల గురించే ఉంటుంది. ఇప్పుడు దొరికే ఓపీ చీటీ అప్పటికి దొరకదు.

సెక్షన్ల గడి చూసి, ఏవి పెట్టారో, ఏవి పెట్టలేదో పక్కన రాయండి. కులం పేరుతో దూషించినట్టు ఫిర్యాదులో ఉండి, అట్రాసిటీ చట్టం సెక్షన్ మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో లేకపోతే ఆ రోజే సీనియర్‌కు చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వడం పోలీసుల బాధ్యత. సున్నితమైన కేసులను మినహాయించి ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది కాబట్టి, పోలీసు శాఖ సైట్‌లో కూడా వెతకవచ్చు.

బాధితులతో మాట్లాడి వాంగ్మూలం రాయడం

దీనికి మీరు ఒంటరిగా వెళ్లకండి. మొదటి రెండు మూడు సార్లు సీనియర్ పక్కన కూర్చుని వినండి. అక్కా, అన్నా, అమ్మా అని వరస కలిపి పిలవడం మన దగ్గర సహజమే, కానీ ఆ చనువుతో ప్రశ్నలు గుప్పించవద్దు. ముందు వాళ్లను ఆపకుండా చెప్పనివ్వండి. రెండోసారి చెప్పినప్పుడు తేదీలు, పేర్లు, చోట్లు అడిగి రాసుకోండి. తేదీ గుర్తులేనివారికి పండుగలు, సంతరోజులు, జీతం పడిన రోజు గుర్తుంటాయి. ‘బతుకమ్మ తెల్లారి’ అంటే దాన్ని అలాగే రాసి, పక్కన క్యాలెండరు తేదీ వేయండి.

అనువాదంలో చాలా జాగ్రత్త కావాలి. సాక్షి తెలుగులో చెప్పేది కోర్టు రికార్డులో తరచుగా ఇంగ్లీషులో నమోదవుతుంది, వాదనలు కూడా ఇంగ్లీషులోనే జరుగుతాయి. కులం పేరుతో దూషించిన అట్రాసిటీ కేసుల్లో నిందితుడు అన్న మాటలే నేరం. వాటిని రాయడానికి చేయి రాక ‘కులం పేరుతో అసభ్యంగా దూషించాడు’ అని సర్ది రాస్తే కేసులోంచి ప్రాణం తీసేసినట్టే. ఏ మాట అన్నాడో ఆ మాటే, తెలుగు లిపిలో, కొటేషన్‌లో రాసి, కింద అర్థం ఇవ్వాలి. ఆ మాట అన్నప్పుడు ఎవరెవరు ఉన్నారు, ఇంటి లోపలా, వాకిట్లోనా, రోడ్డు మీదా అన్నదీ తప్పకుండా రాయాలి, ఎందుకంటే కుల దూషణ సెక్షన్‌కు అది నలుగురి కళ్ల ముందు జరగడం అవసరం. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు జరిగిన దూషణకు ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు హితేశ్ వర్మ కేసులో (2020) చెప్పింది. బాధితురాలు ‘మా ఇంటికాడ’ అన్నప్పుడు ఇంట్లోనా, ఇంటి ముందరా అని మీరు అడగకపోతే ఆ ప్రశ్న కోర్టులో మరొకరు అడుగుతారు. అయితే మీకు అనుకూలమైన జవాబు ఆమె నోటికి అందించడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఆమె చెప్పింది కేసుకు ఇబ్బందైనా సరే, అలాగే రాయండి.

రాసింది పూర్తయ్యాక మొత్తం వినిపించి, మార్పులు చెబితే చేసి, తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అసలు కాగితాలు మీరు ఉంచుకోకండి. జిరాక్స్ తీసుకుని, అసలువి అప్పుడే తిరిగి ఇచ్చేయండి.

అర్జీలు, సమాచార హక్కు దరఖాస్తులు

ఫిర్యాదు తీసుకోలేదని వచ్చేవారే ఎక్కువగా ఉంటారు. చట్టం చెప్పిన మెట్లను మీరు వరుసగా తెలుసుకుని ఉండాలి. ముందు స్టేషన్‌లో లిఖితపూర్వక ఫిర్యాదు, తీసుకోకపోతే ఎస్పీకి, నగరంలో డీసీపీకి, రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ, అక్కడా కదలిక లేకపోతే సంహితలోని 175(3) కింద అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు. పోస్టు రసీదు, అందినట్టు వచ్చిన ఎక్‌నాలెడ్జ్‌మెంట్ లేకపోతే మూడో మెట్టు ఎక్కలేము. వాటిని భద్రపరచడం మీ పని. అట్రాసిటీ కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ చెబుతోంది, అర్జీలో దాన్ని ఉదహరించండి.

మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, బాధితుల తరఫున మరొకరు కూడా ఇవ్వవచ్చు. కానీ ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టలేదు కాబట్టి తేదీ చూసుకోండి.

సమాచార హక్కు దరఖాస్తు (2005 చట్టం) విద్యార్థి చేతిలో మంచి ఆయుధం, బాగా రాస్తేనే. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు, ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం ఇప్పించేది రికార్డులో ఉన్న సమాచారాన్ని. మురుగు కాలువలో దిగి కార్మికుడు చనిపోయిన ఘటన తీసుకుంటే, ఆ పనికి ఇచ్చిన వర్క్ ఆర్డరు నకలు, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం నకలు, రక్షణ పరికరాలు ఇచ్చినట్టు ఉన్న రిజిస్టరు పేజీ, పరిహారం ఫైలులోని నోట్ షీట్ల నకళ్లు అని విడివిడిగా అడగాలి. ఇలాంటి మరణాల్లో కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. అంతకు ముందు 2014 తీర్పు ప్రకారం అది 10 లక్షలు. ఆ కుటుంబానికి ఎంత అందింది, ఏ తీర్పు ప్రకారం అందింది అన్న ఒక్క ప్రశ్నతో ఎన్నో ఫైళ్లు కదులుతాయి.

అట్రాసిటీ బాధితులకు ఇచ్చే ఆర్థిక సహాయం కూడా ఇలాంటిదే. చాలా నేరాలకు ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక 50 శాతం, శిక్ష పడ్డాక మిగతా 25 శాతం ఇవ్వాలని నిబంధనల అనుబంధంలో ఉంది. రావలసినదెంత, వచ్చినదెంత అన్నది మీ పట్టికలో ఒక వరుసగా ఉండాలి.

కోర్టుకు వెళ్లే రోజులు

ముందురోజు సాయంత్రమే కాజ్ లిస్ట్ (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూసి, కోర్టు హాలు నంబరు, ఐటెం నంబరు రాసుకోండి. కింది కోర్టు కేసులకు ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా తేదీ, క్రితం వాయిదాలో ఏం జరిగిందీ కనబడుతుంది. దుస్తుల విషయం మీ సీనియర్‌ను అడగండి. లా చదవని విద్యార్థులు నల్లకోటు వేసుకోకూడదు, తెల్ల చొక్కాతో సాదాగా వెళితే సరిపోతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక వరుసలో కూర్చోండి.

అట్రాసిటీ కేసుల్లో మరో బాధ్యత ఉంది. నిందితుడి బెయిల్ దరఖాస్తు సహా ప్రతి దశ గురించీ బాధితులకు ముందుగా తెలియజేయాలని, వారి మాట వినాలని 15ఎ సెక్షన్ చెబుతోంది, ఆ నోటీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. అయినా నాంపల్లి కోర్టులో బెయిల్ వచ్చేసిన మూడు రోజులకు, నిందితుడు వీధిలో ఎదురుపడ్డాకే సంగతి తెలిసిన కుటుంబాలు ఉన్నాయి. మీ ఫైళ్లలోని నిందితుల పేర్లను కాజ్ లిస్ట్‌లో రోజూ వెతకండి. కనబడిన నిమిషమే సీనియర్‌కు ఫోన్ చేయండి.

గోప్యత, భద్రత

న్యాయవాదికి కక్షిదారు చెప్పినది బయట పెట్టకూడదన్న నియమం ఆయన దగ్గర పనిచేసే గుమాస్తాలకూ, ఉద్యోగులకూ, దుబాసీలకూ వర్తిస్తుందని సాక్ష్య చట్టంలోనే ఉంది. మీరూ ఆ నియమానికే కట్టుబడాలి. కేసు కాగితాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు, స్టేటస్‌లో కోర్టు ఫొటోలతో కేసు వివరాలు రాయవద్దు. లైంగిక నేరాల బాధితుల పేరు, ఊరు, వారిని గుర్తుపట్టించే ఏ వివరమూ బయటికి రావడం నేరం. కాలేజీకి ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో కూడా పేర్లు మార్చి, ముసాయిదా సీనియర్‌కు చూపించాకే సమర్పించండి. ఆటోలో, మెట్రోలో కేసు గురించి మాట్లాడకండి.

గ్రామాలకు నిజనిర్ధారణకు వెళ్లేటప్పుడు బృందంతోనే వెళ్లండి, ఇంట్లో చెప్పి వెళ్లండి, బాధితుల ఇంటికే కాకుండా అవతలి పక్షం దగ్గరికీ, పోలీసుల దగ్గరికీ వెళ్లి వారు చెప్పినదీ రాసుకోండి. గణితం బోధన వదిలి న్యాయవాద వృత్తిలోకి వచ్చిన బాలగోపాల్ వంటివారి నివేదికలకు విలువ వచ్చింది ఈ పద్ధతి వల్లే. వినడానికి కష్టంగా ఉండే సంగతులు రోజుల తరబడి వినవలసి వస్తుంది. నిద్ర పట్టకపోయినా, పనిమీద మనసు నిలవకపోయినా దాచుకోకుండా సీనియర్‌తో చెప్పి, ఒకటి రెండు రోజులు అనువాదం పనికి మారండి.

ముగించే ముందు

చివరి వారాన్ని కొత్త పనికి వాడకండి. మీరు చూసిన ప్రతి ఫైలుకూ ఒక పేజీ అప్పగింత నోట్ రాయండి. అందులో కేసు నంబరు, సీఎన్ఆర్, తర్వాతి వాయిదా తేదీ, ఎదురుచూస్తున్న జవాబులు, సమాచార హక్కు దరఖాస్తు మీద మొదటి అప్పీలుకు గడువు ఎప్పుడు తీరుతుందో, కక్షిదారుకు ఎవరు ఫోన్ చేయాలో ఉండాలి. మీతో మాట్లాడడం అలవాటైన కక్షిదారులకు మీరే ఫోన్ చేసి, ఫలానా రోజు నుంచి మీరు ఉండరని చెప్పి, ఛాంబర్‌లోని జూనియర్ పేరు, నంబరు ఇవ్వండి. మీ ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఉన్న కేసు కాగితాలన్నీ ఛాంబర్‌కు అప్పగించి తుడిచేయండి.

సర్టిఫికెట్‌లో ‘ఇంటర్న్‌షిప్ పూర్తి చేశారు’ అని మాత్రమే కాకుండా, చేసిన పనులను ఒకటి రెండు వాక్యాల్లో రాసివ్వమని అడగండి. ఈ దారిలోనే కొనసాగాలనిపిస్తే, డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. వృత్తి మారకపోయినా సరే, న్యాయవాదిగా నమోదు కానంతవరకు పారా లీగల్ వాలంటీరుగా ఉండే అవకాశం తెరిచే ఉంటుంది. పురానీ హవేలీలో తర్వాతి ఎంపిక ఎప్పుడో కనుక్కుని వెళ్లండి.